ట్రిగ్గర్ మీద వెయ్యి గ్రాములు

పిస్టల్ కొనబోయేవాళ్ళు మొదట అడిగేది ‘ఏ కంపెనీది మంచిది?’ అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: నడుముకు పెట్టుకుని తిరగడానికా, రేంజ్‌లో గురి కొట్టడానికా? కాస్త ఎక్కువ డబ్బు పెడితే రెండు పనులూ బాగా చేసేది దొరుకుతుందని చాలామంది నమ్మకం. అమ్మేవాళ్ళూ ఆ నమ్మకాన్ని పెంచి పోషిస్తారు. మా గూడూరులో రైలెక్కి చెన్నై వెళ్ళి, అక్కడి రేంజ్‌లో .22 పిస్టల్ పట్టుకోవడం నాకు ఏళ్ళ నాటి అలవాటు. ఆ అలవాటు వల్ల నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. పిస్టల్ ఎంత మేలైనదైతే అంతగా అది ఒక్క పనికే కట్టుబడిపోతుంది. దాన్ని బేరీజు వేయడమంటే ఆ పనేదో ముందు మనం తేల్చుకోవడమే.

మన వైపు జనం పిస్టల్‌ను దగ్గరగా చూసేది ఎక్కువగా నాయకుడి వెనక నిలబడే గన్‌మన్ నడుము దగ్గర. ‘వన్ ప్లస్ వన్’, ‘టూ ప్లస్ టూ’ అంటూ గన్‌మెన్ లెక్కతో నాయకుల హోదా చెప్పుకునే ప్రాంతం మనది. మన దేశంలో పోలీసులకు, సైన్యానికి దశాబ్దాలుగా ఇస్తున్నది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. ఆటో పిస్టల్. దాని మూలం బ్రౌనింగ్ హై పవర్. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ ఆ డిజైన్ మొదలుపెట్టి 1926లో చనిపోతే, బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీలో ద్యుదోనే సైవ్ పూర్తిచేశాడు. 1935లో బయటికొచ్చింది. మ్యాగజైన్‌లో 13 రౌండ్లు పడతాయి. మేనెల ఎండలో, చెమటలో, దుమ్ములో, జీపు కుదుపుల్లో అది ఏళ్ళ తరబడి నడుముకు వేలాడుతుంది. ఆ ఏళ్ళన్నిట్లో పొరపాటున ఒక్కసారి కూడా పేలకూడదు. పేలాల్సిన అవసరం వచ్చిన ఒక్కసారి పేలకుండా ఉండకూడదు. దాని నుంచి ఎవరైనా కోరేది ఇంతే.

రెండో రకం పిస్టల్‌ను మనం టీవీలోనే చూశాం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, జాతీయ పోటీల్లో మను భాకర్, హీనా సిద్ధూ లాంటివాళ్ళను దాటి సీనియర్ ఎయిర్ పిస్టల్ టైటిల్ గెలిచింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుకు స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం తెచ్చింది. అవి కాక ఎయిర్ పిస్టల్‌లో ఇంకో రెండు రజతాలు. 2025లో కైరో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 25 మీటర్ల పిస్టల్ కాంస్యం. మన గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో లిమా జూనియర్ ప్రపంచ పోటీల్లో పిస్టల్ విభాగాల్లో పతకాలు తెచ్చాడు. ఈ స్థాయి పోటీల్లో కనిపించే పేర్లు వేరు: ఇటలీ పార్దీని, స్విట్జర్లాండ్ మోరినీ, ఆస్ట్రియా స్టెయర్, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్. ఇవి కూడా పిస్టళ్ళే. కానీ గన్‌మన్ వీటిలో ఒకదాన్ని నడుముకు పెట్టుకుని ఒక్క పూట డ్యూటీ చేయలేడు. ఈషా ఆ 9 ఎం.ఎం.తో ఫైనల్‌కు చేరలేదు.

ఈ తేడా మొత్తం ట్రిగ్గర్ దగ్గర మొదలవుతుంది. 25 మీటర్ల పోటీకి ముందు పరికరాల తనిఖీ బల్ల దగ్గర నిలబడి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. షూటర్ పిస్టల్‌ను బల్ల మీద పెడతాడు. మొదట దాన్ని 300 మి.మీ. పొడవు, 150 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. వెడల్పు ఉన్న పెట్టెలో పెట్టి చూస్తారు. అందులో ఇమడాలి. తూకం 1,400 గ్రాములు దాటకూడదు. తర్వాత బ్యారెల్ నిటారుగా పైకి ఉండేలా పిస్టల్‌ను పట్టుకుని, వెయ్యి గ్రాముల తూకపు కడ్డీ కొక్కేన్ని ట్రిగ్గర్‌కు తగిలించి, బల్ల మీది నుంచి మెల్లగా పైకి లేపుతారు. కడ్డీ బల్లను వదిలి గాల్లోకి లేవాలి, ట్రిగ్గర్ మాత్రం జారకూడదు. ‘టిక్’ మని వినిపించిందా, ఆ పిస్టల్ పోటీకి పనికిరాదు. వెనక్కి వెళ్ళి స్క్రూ సరిచేసుకుని రావాలి. మంచి షూటర్లు తమ ట్రిగ్గర్‌ను ఆ వెయ్యి గ్రాములకు కాస్త పైన, ఒక వెంట్రుక వాసిలో పెట్టుకుంటారు. ఎయిర్ పిస్టల్‌కైతే ఆ తూకం 500 గ్రాములే.

నడుముకు పెట్టుకునే పిస్టల్ ట్రిగ్గర్ అంత తేలిగ్గా ఉండకూడదు. ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకున్న గ్లాక్ 17నే చూడండి. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో దేశాల పోలీసుల దగ్గర ఉన్నది అదే. దాని ట్రిగ్గర్ బరువు దాదాపు రెండున్నర కిలోలు. పక్కన సేఫ్టీ మీట ఉండదు, సేఫ్టీ అంతా ట్రిగ్గర్‌లోనూ, లోపలి ఏర్పాటులోనూ, ఆ బరువులోనూ ఉంది. భయంతో, తొందరతో, వణికే వేలు పొరపాటున తగిలినా పేలకూడదని పెట్టిన బరువది. ఆ బరువే గురికి అడ్డం. వేలు రెండున్నర కిలోలు లాగేలోపు మణికట్టు కదులుతుంది, మణికట్టుతో పాటు బ్యారెల్ కొస కదులుతుంది. ట్రిగ్గర్ తేలికైతే గురి బాగుపడుతుంది, నడుము దగ్గర ప్రమాదం పెరుగుతుంది. బరువెక్కితే నడుము క్షేమం, గురి చెడుతుంది. మధ్యలో ఉన్న ఆ కిలోన్నరను ఏ కంపెనీ మాయం చేయలేదు. ఎంత డబ్బు పోసినా ఎటో ఒక పక్కకు మొగ్గాల్సిందే.

ఈమధ్య ఈ లెక్క వేయాల్సిన పని పడింది. మా నిమ్మకాయల మార్కెట్‌లో కమిషన్ వ్యాపారం చేసే మిత్రుడొకడు ఉన్నాడు. సరుకు డబ్బు నోట్ల కట్టలుగా రాత్రిళ్ళు లారీల్లో, రైళ్ళల్లో వచ్చే రోజుల్లో ఆత్మరక్షణ కింద లైసెన్సు తీసుకున్నాడు. పాత లైసెన్సుదారుడొకాయన చనిపోతే, ఆయన వాల్తర్ పీపీ ఒకటి తుపాకుల దుకాణంలో అమ్మకానికి వచ్చింది. ధర చాలా గట్టిగానే చెప్పారు. ‘‘అన్నా, జర్మనీ సరుకంట. ఇంకో తరం దాకా ఉంటాదంట. నడుముకూ పనికొస్తాది, నీ మాదిరి గురి నేర్చుకునేదానికీ పనికొస్తాది. ఒకసారి నువ్వొచ్చి చూసి చెప్పు’’ అన్నాడు.

వాల్తర్ పీపీ 1929లో జర్మనీలో పుట్టింది. మన కాగితాల్లో .32 బోరు అని రాసే 7.65 ఎం.ఎం. తూటాలు ఎనిమిది పడతాయి. బ్యారెల్ ఫ్రేముకు బిగించి ఉంటుంది, అటూ ఇటూ ఊగదు. ఆ కాలానికే కాదు, ఈ కాలానికి కూడా అందమైన పనితనం. దుకాణంలో దాన్ని చేతికిచ్చినప్పుడు ముందు చేసిన పని ఎప్పుడూ చేసేదే. బ్యారెల్‌ను ఎవరూ లేని గోడ వైపు తిప్పి, మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని, చాంబర్‌లోకి చూసి, చూసినదాన్ని నమ్మకుండా చిటికెన వేలు కూడా పెట్టి ఖాళీగా ఉందని తేల్చుకోవడం. అమ్మేవాడు ‘ఖాళీదే సార్’ అన్నా సరే, ఇది మానకూడదు. చేతికి పిస్టల్ వచ్చిన ప్రతిసారీ, చేయి మారిన ప్రతిసారీ ఇది జరగాల్సిందే.

తర్వాత ట్రిగ్గర్. ఈ పిస్టల్‌కు రెండు రకాల లాగుడు ఉంది. హ్యామర్ దించి ఉంటే మొదటి తూటాకు వేలే హ్యామర్‌ను వెనక్కి లేపాలి. దానికి పట్టే బలం ఐదు కిలోలు దాటుతుందని వేలికే తెలిసింది. ఆ తర్వాత స్లైడ్ తనంతట తాను హ్యామర్‌ను వెనక్కి నెడుతుంది కాబట్టి రెండో తూటా నుంచి లాగుడు బాగా తేలిక. నడుముకు పెట్టుకునేవాడికి ఇది తెలివైన ఏర్పాటు. మొదటి తూటా బరువుగా, ఆలోచించి, కావాలని కాల్చాల్సి వస్తుంది. గురి కొట్టేవాడికి మాత్రం ఇది చిక్కు. మొదటి తూటాకు ఒక చేయి, రెండో తూటాకు ఇంకో చేయి కావాలి.

దుకాణదారుడి అనుమతితో ఒక రూపాయి బిళ్ళ తీసి స్లైడ్ మీద, ముందు సైట్‌కు కాస్త వెనకగా పెట్టాను. ఖాళీ పిస్టల్‌ను ఒంటి చేత్తో చాచి, గోడ మీది చుక్క వైపు పట్టి, ట్రిగ్గర్ నొక్కడం. రేంజ్‌లో కొత్తవాళ్ళకు మొదటి వారాల్లో ఇచ్చే సాధన ఇదే. హ్యామర్ లేపి నొక్కినప్పుడు బిళ్ళ కాస్త వణికి నిలబడింది. హ్యామర్ దించి నొక్కినప్పుడు ట్రిగ్గర్ సగం దూరం రాకముందే బిళ్ళ జారి బల్ల మీద పడింది. మిత్రుడు తీసుకుని తనూ నొక్కాడు. అతని చేతిలో రెండుసార్లూ పడింది. అందులో పిస్టల్ లోపం కొంత, చేతికి సాధన లేకపోవడం చాలా. సాధన లేని చేతికి పార్దీని ఇచ్చినా బిళ్ళ పడుతుంది. సాధన ఉన్న చేయి మాత్రం ఈ రెండు పిస్టళ్ళ మధ్య తేడాను మొదటి నొక్కులోనే చెప్పేస్తుంది.

మూడోది సైట్లు. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే పిస్టల్ షూటింగ్ మీద గౌరవం పెరుగుతుంది. మ్యాచ్ పిస్టల్ మీద వెనక సైట్‌కు, ముందు సైట్‌కు మధ్య దూరం 220 మి.మీ. అనుకుందాం. ముందు సైట్ వెనక గాడిలో సరిగ్గా మధ్యలో ఉండాల్సింది పోయి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 25 మీటర్ల దూరంలో గుండు దాదాపు 114 మి.మీ. పక్కకు పడుతుంది. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 50 మి.మీ. మాత్రమే. అంటే పదిలో పడాలంటే సైట్ల కుదురులో తేడా 0.2 మి.మీ. దాటకూడదు. అది రెండు కాగితాల మందం. అందుకే శిక్షకులు పదే పదే చెప్పేది: చూపు లక్ష్యం మీద కాదు, ముందు సైట్ మీద నిలవాలి. ముందు సైట్ అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా కనబడాలి, దూరాన ఉన్న నల్ల వృత్తం మసగ్గా కనిపించినా ఫరవాలేదు. చూపు లక్ష్యం వైపు పరుగెత్తిన క్షణంలోనే సైట్లు చెదురుతాయి. కొత్తవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే.

జేబులోనో నడుములోనో పట్టే పొట్టి పిస్టల్ మీద ఆ దూరం 125 మి.మీ. అనుకుంటే, అదే ఒక్క మిల్లీమీటరు తప్పు 25 మీటర్ల దగ్గర 200 మి.మీ. అవుతుంది. పైగా ఆ పిస్టల్ సైట్లు చిన్నవిగా, అంచులు అరగదీసినట్టు ఉంటాయి. బట్టకు తగులుకోకుండా బయటికి రావాలి కదా. మ్యాచ్ పిస్టల్ వెనక సైట్‌ను క్లిక్ క్లిక్‌మని తిప్పి ఆ రోజు వెలుతురుకు, ఆ పెట్టెలోని తూటాలకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు. వాల్తర్ పీపీ మీద ఆ ఏర్పాటు లేదు. మిత్రుడు అందులోంచి చూసి, ‘‘ముందుది కనపడేదే లేదు కదన్నా’’ అన్నాడు. నిజమే. ఏడెనిమిది అడుగుల దూరంలోని అపాయానికి చేసిన సైట్లవి.

పిడి సంగతీ అంతే. ఒలింపిక్ తరహా పోటీల్లో పిస్టల్‌ను ఒంటి చేత్తోనే కాల్చాలి, మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదు. అందుకే మ్యాచ్ పిస్టల్ పిడిని వాల్‌నట్ చెక్కతో అరచేతి అచ్చులా చెక్కుతారు. కింద అరచేతిని మోసే చిన్న అరుగు, పక్కన బొటనవేలికి చోటు. షూటర్లు ఆకురాయితో రుద్ది, అవసరమైన చోట పుట్టీ పెట్టి నెలల తరబడి దాన్ని తమ చేతికి దిద్దుకుంటారు. అది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకునే పద్ధతి తేలిక. కళ్ళు మూసుకుని చేయి లేపి, తెరిచి చూడాలి. సైట్లు అప్పటికే కుదురుగా ఉంటే పిడి మనదే. అలాంటి పిడి ఉన్న పిస్టల్ హోల్‌స్టర్‌లో దూరదు, ఇంకొకరి చేతికి నప్పదు. నడుము పిస్టల్ పిడి ఎవరి చేతికైనా, ఏ వైపు నుంచి పట్టినా కాస్తో కూస్తో కుదరాలి. అందరికీ కాస్త కుదిరేది ఎవరికీ పూర్తిగా కుదరదు.

ఇక నమ్మకం. నా దృష్టిలో నడుము పిస్టల్‌కు మొదటి మార్కులు దీనికే. మ్యాచ్ పిస్టల్‌కు ఒక గారాబం ఉంటుంది. ఒక కంపెనీ తూటాలు, అందులోనూ ఒక లాట్‌వి అయితేనే గుండ్లన్నీ ఒకచోట పడతాయి. ఇంకో లాట్ పెడితే చెదురుతాయి, ఒక్కోసారి ఇరుక్కుంటాయి. 25 మీటర్ల పోటీలో లోపం షూటర్ వల్ల జరగలేదని తేలితే మళ్ళీ కాల్చే అవకాశం ఇస్తారు. ఆత్మరక్షణ కోసం పెట్టుకున్న పిస్టల్‌కు అలాంటి అవకాశం ఇచ్చే రిఫరీ ఉండడు. పోటీలో కూడా అన్ని తప్పులూ తిరిగి రావు. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ నడుమ మను భాకర్ పిస్టల్ కాకింగ్ లివర్ విరిగింది. బాగుచేసుకుని తిరిగొచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానం, ఫైనల్ చేజారింది. పేరున్న కంపెనీ పిస్టలే, ప్రపంచస్థాయి చేయే. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. విడిభాగాలు, మరమ్మతు తెలిసిన మనిషి, అదనపు పిస్టల్ అందుబాటులో ఉన్నాయా అన్నది కూడా బేరీజులో భాగమేనని ఆ టోక్యో ఉదయం చెప్పింది. డెబ్బై ఎనభై ఏళ్ళ నాటి వాల్తర్‌కు స్ప్రింగు పోతే గూడూరులో ఎక్కడ దొరుకుతుంది? చెన్నైలో మాత్రం ఎన్నాళ్ళు వెతకాలి?

మన దేశంలో ఈ ధరలెందుకు ఇలా ఉన్నాయో కూడా చెప్పుకోవాలి. మామూలు లైసెన్సుదారులు విదేశీ ఆయుధాలు దిగుమతి చేసుకోకుండా 1980ల్లోనే కట్టడి చేశారు. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతున్నాయి. 9 ఎం.ఎం. నిషేధిత బోరు కాబట్టి పౌరులకు దక్కేది ప్రధానంగా .32, .22. అందుకే పాత వాల్తర్, వెబ్లీ, కోల్ట్ పేర్లు చెప్తే లక్షలు పలుకుతాయి. ఆ లక్షల్లో ఎక్కువ భాగం కొరతకు కట్టే వెల. గురికి గానీ, నమ్మకానికి గానీ ఆ డబ్బులో చేరేది తక్కువ. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు చేసే .32 రివాల్వర్లు, పిస్టళ్ళు చూడ్డానికి అంత అందంగా ఉండకపోవచ్చు. కానీ కొత్తవి, భాగాలు దొరుకుతాయి, ఫ్యాక్టరీ బాధ్యత ఉంటుంది.

చట్టం కూడా నా ప్రశ్ననే అడుగుతుంది. 1959 ఆయుధాల చట్టం కింద, 2016 నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టేటప్పుడు ఎందుకోసమో రాయాలి: ఆత్మరక్షణా, క్రీడా, పంట రక్షణా? ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు చూపించాలి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుడి దగ్గర రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు. పెళ్ళి ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు అధికారులు ఆదేశిస్తే లైసెన్సు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ఈ నిబంధనలు చూసి విసుక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఇవి సబబుగానే కనిపిస్తాయి. ప్రాణం తీయగల వస్తువును చేతికిచ్చేముందు ‘దేనికి?’ అని అడగని సమాజం క్షేమంగా ఉండదు.

దుకాణం నుంచి తిరిగొస్తూ మిత్రుడికి నేను చెప్పింది ఇది. ఆ పిస్టల్ గొప్పదే, కానీ నువ్వనుకున్న రెండు పనుల్లో ఒకదానికి అసలు పనికిరాదు, రెండోదాని అవసరం నీకిప్పుడు లేనే లేదు. మార్కెట్ డబ్బు ఇప్పుడు బ్యాంకు నుంచి బ్యాంకుకు పోతోంది, కట్టలు మోసే రాత్రులు పోయాయి. నడుముకు పిస్టల్ ఉన్నవాడు గొడవ జరిగే చోట నిలబడితే గొడవ పెద్దదవుతుంది, తగ్గదు. పైగా దాన్ని సరిగ్గా వాడాలంటే నెలనెలా కాల్చాలి. ఆత్మరక్షణ లైసెన్సు మీద వచ్చే కొద్దిపాటి తూటాలతో ఆ సాధన కుదరదు. బీరువాలో పడి ఉండే పిస్టల్ ఇంటివాళ్ళకే అపాయం. గురి నేర్చుకోవాలని నిజంగా ఉంటే నాతో పాటు రేంజ్‌కు రా, ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టు. అతను వెంటనే ఒప్పుకోలేదు. ‘‘జర్మనీది చేతికొచ్చి పోతావుందే’’ అని రెండుమూడు రోజులు మథనపడి, చివరికి కొనలేదు.

ఆ తర్వాత నా ఆలోచన ఊరి మీదికి మళ్ళింది. ఆ ఒక్క పాత వాల్తర్‌కు అడిగిన ధరతో మేలైన మ్యాచ్ ఎయిర్ పిస్టళ్ళు ఒకటికి మించి వస్తాయి. 4.5 ఎం.ఎం. బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల రేంజ్‌కు కావాల్సింది ఒక పొడవాటి హాలు, మంచి వెలుతురు, వెనక గుండ్లు ఆపే ఇనుప పలకలు, తలుపు దగ్గర ఎవరూ అడ్డం రాకుండా చూసే ఒక బాధ్యత గల మనిషి. అక్కడ పది పాయింట్ల వలయం 11.5 మి.మీ., మన పాత పావలా బిళ్ళ కన్నా చిన్నది. 75 నిమిషాల్లో 60 షాట్లు. ఆ గంటా పావులో శ్వాసను, గుండె కొట్టుకోవడాన్ని, కోపాన్ని, ఆత్రాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్న పిల్ల జీవితంలో ఇంకేం నేర్చుకున్నా తేలికవుతుంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం రేంజ్ కట్టారు. అలాంటి వసతి ఉన్న నగరం నుంచి ఈషా వచ్చింది. గూడూరు పిల్లలకు అందుబాటులో ఉన్నది చెన్నై రైలు ఒక్కటే.

మన కాలేజీల్లో ఎన్‌సీసీ ఉంది, ఖాళీ హాళ్ళున్నాయి, నిమ్మ మీద, అభ్రకం మీద, రొయ్యల మీద సంపాదించినవాళ్ళున్నారు. నడుముకు పెట్టుకునే హోదా కోసం లక్షలు పెట్టే చేతులు మన దగ్గర తక్కువేం కాదు. అందులో ఒక్కరి డబ్బు ఒక 10 మీటర్ల హాలుకు మళ్ళితే చాలు, నాలుగు లేన్లు, నాలుగు పిస్టళ్ళు, ఒక శిక్షకుడితో పని మొదలవుతుంది. కాలేజీ యాజమాన్యాల్లో ఎవరు హాలు ఇస్తామన్నా, మొదటి బ్యాచ్ పిల్లలకు చాంబర్ ఖాళీ చేసి చూడటం, రూపాయి బిళ్ళ నిలబెట్టడం నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ బిళ్ళ పెట్టే సాధనకు ఒక్క గుండు కూడా ఖర్చు కాదు.